అదనపు పనికి సమ్మతి, రెట్టింపు వేతనం – కార్మిక సంఘాల వైఖరి, చట్ట నిబంధనలు

మచిలీపట్నం: సార్వా ధాన్యం మిల్లులకు చేరే రోజులలో గుడివాడ ప్రాంతపు రైస్ మిల్లులలోను, వేట ముమ్మరంగా సాగే కాలంలో బందరు, దివిసీమ తీరంలోని ఐసు కర్మాగారాలలోను, పెళ్లిళ్ల ముహూర్తాలకు ముందు మచిలీపట్నం రోల్డ్‌గోల్డు ఆభరణాల యూనిట్లలోను పని ఒత్తిడి పెరగడం సహజం. ఆ రోజులలో నిర్ణీత వేళలు దాటి చేసే పని కార్మికుని ఇష్టంపై ఆధారపడి ఉండాలా, దానికి ఏ రేటున చెల్లించాలి అన్న ప్రశ్నలు 2025లో రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చాయి.

నేపథ్యం

కర్మాగారాలలో రోజువారీ పని గంటల గరిష్ఠ పరిమితిని 9 నుంచి 10కి, మూడు నెలలకు అనుమతించే ఓవర్‌టైమును 75 గంటల నుంచి 144 గంటలకు పెంచే సవరణలకు రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల పరిమితిలో మార్పు లేదని, పెట్టుబడులను ఆకర్షించడం, ఉపాధి అవకాశాలు పెంచడం ఈ సవరణల ఉద్దేశమని ప్రభుత్వం వివరించింది. సి.ఐ.టి.యు., ఎ.ఐ.టి.యు.సి. తదితర సంఘాలు దీనిని వ్యతిరేకించాయి. అదే సంవత్సరం జూలై 9న జరిగిన దేశవ్యాప్త సమ్మెలో లేబరు కోడ్‌లతో పాటు పని గంటల అంశాన్ని కూడా ప్రస్తావించాయి.

సంఘాల వాదన

అదనపు పనిని సంఘాలు పూర్తిగా కాదనడం లేదు. అది నిజంగా ఐచ్ఛికంగా ఉండాలని, రెట్టింపు వేతనం తప్పనిసరిగా అందాలని, కొత్త నియామకాలకు ప్రత్యామ్నాయం కారాదని కోరుతున్నాయి. మూడు నెలలకు 144 గంటలంటే నెలకు సగటున 48 గంటలు, అంటే ఒక వారపు పూర్తి పనికి సమానం. యజమాని వద్ద అడ్వాన్సు తీసుకున్న కార్మికుడు, రేపు పని దొరుకుతుందో లేదో తెలియని దినకూలీ ‘రాను’ అని చెప్పగలిగే స్థితిలో ఉండరన్నది వారి ప్రధాన ఆందోళన.

చట్టం చెప్పేది

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల సూత్రం కొత్తది కాదు. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి ఒడంబడికను భారతదేశం 1921లో ఆమోదించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షను అదనపు పనికి రెట్టింపు వేతనాన్ని నిర్దేశించింది. నగల యూనిట్లవంటి చోట్ల కనిపించే పీసు రేటు కార్మికులకు సైతం, అంతకు ముందు నెల సగటు రోజువారీ ఆర్జనను ప్రాతిపదికగా తీసుకోవాలని అదే సెక్షను స్పష్టం చేసింది.

2025 నవంబరు 21న నాలుగు లేబరు కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లోని 27వ సెక్షను రెట్టింపు వేతనాన్ని కొనసాగిస్తూ, కార్మికుని సమ్మతి ఉంటేనే ఓవర్‌టైము చేయించాలని ప్రత్యేకంగా పేర్కొన్నది. వేతనాల కోడ్, 2019లోని 14వ సెక్షను సైతం సాధారణ రేటుకు రెట్టింపు తగ్గకుండా చెల్లించాలని నిర్దేశిస్తున్నది. కోడ్‌లలోని పలు అంశాలను వ్యతిరేకిస్తున్న సంఘాలు కూడా ఈ రెండు సూత్రాలు కాగితానికే పరిమితం కారాదని కోరుతున్నాయి.

ఉదాహరణకు 26 పని దినాలకు రూ. 15,600 వేతనం పొందే కార్మికునికి రోజుకు రూ. 600, గంటకు రూ. 75 వస్తుంది. ఓవర్‌టైము గంటకు చెల్లించవలసినది రూ. 150. దానికి బదులు రూ. 75 మాత్రమే ఇచ్చినచో నెలకు 48 గంటల పనిపై అతడు రూ. 3,600 నష్టపోతాడు.

సుప్రీంకోర్టు తీర్పు

కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, గుజరాత్ ప్రభుత్వం రోజుకు 12 గంటల పనిని అనుమతిస్తూ, అదనపు గంటలకు సాధారణ రేటున చెల్లిస్తే చాలునని నోటిఫికేషను జారీ చేసింది. గుజరాత్ మజ్దూర్ సభ దాఖలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న దానిని కొట్టివేసి, ఆ కాలానికి ఓవర్‌టైము వేతనం చెల్లించాలని ఆదేశించింది. ఆర్థిక ఇబ్బందుల భారాన్ని కార్మికులపైనే మోపరాదన్నది ఈ తీర్పు సారాంశం.

ఆచరణలో

సమ్మతి నిజమైనదా, నామమాత్రమా అన్నది చివరకు రికార్డులే తేల్చుతాయి. కార్మికుని సమ్మతిని నమోదు చేయడం, హాజరు పట్టీలో పని మొదలైన, ముగిసిన వేళలు వ్రాయడం, వేతన చీటీలో ఓవర్‌టైము మొత్తాన్ని విడిగా చూపడం ఇరుపక్షాలకు రక్షణ కలిగిస్తాయి. సీజను ముగిసిన తరువాత తలెత్తే వివాదాలలో కార్మికుని వద్ద ఆధారం లేకపోతే అతని శ్రమకు విలువ కట్టడం కష్టం. సక్రమంగా చెల్లించిన యజమానికి కూడా ఆ రికార్డే సాక్ష్యమవుతుంది.