పరాయి యంత్రముపై లినక్సు

నాకు పరిచయమున్న యొక గ్రంథాలయమువారు తమ కొట్టుగదిలో చాలకాలముగా మూలబడి యున్న సర్వరు నొకదానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేయ నిశ్చయించిరి. బేరగాడు వచ్చి బరువు చూచి పోయినాడు కూడ. అప్పుడు అచటి వృద్ధ గ్రంథపాలకునకు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. గ్రంథాలయపు పుస్తకముల పట్టిక యంతయు పూర్వము ఆ యంత్రములోనే యుండెడిది. ఏ పుస్తకమును ఎవరు దానమిచ్చిరో, ఎన్నడు ఇచ్చిరో అందులోనే నమోదై యున్నది. కాగితపు కార్డులను చెదలు తినివేసినవి. పట్టికకు వేరొక ప్రతి లేదు. యంత్రమును నడిపిన యుద్యోగి ఎన్నడో వెడలిపోయెను. దాని రహస్యపదము ఎవ్వరికిని తెలియదు. బేరగాడు మరల వచ్చుటకు పది దినముల గడువు మాత్రమే యున్నది. అప్పుడు వారు నన్ను పిలిచిరి. నేను మా మేనల్లుని వెంటబెట్టుకొని వెళ్లితిని.

అది సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2003లో విడుదల చేసిన సన్ ఫైర్ వి 240 అను సర్వరు. డిస్కులను ఊడదీసి వేరొక కంప్యూటరులో పెట్టి చదువవచ్చును గదా యని మీరు అడుగవచ్చును. ఆ డిస్కులు స్కజీ జాతివి. నేడు మన బల్లలపై నుండు కంప్యూటర్లలో వాటిని తగిలించుటకు చోటే యుండదు. కావున ఆ యంత్రమునే మేల్కొల్పి, దాని పాత ఆపరేటింగ్ సిస్టముతో పని లేకుండ, వేరొక డిస్కుపై లినక్సును స్థాపించి, దాని కన్నులతో పాత డిస్కును చదువవలెనని సంకల్పించితిమి.

లినక్సు ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో ప్రారంభించిన వ్యవస్థ. మొదట అది ఇంటెల్ వారి 386 ప్రాసెసరునకు మాత్రమే పుట్టినది. కాని 1995లో వెలువడిన 1.2 సంచికనాటికే ఆల్ఫా, స్పార్క్, మిప్స్ అను ఇతర జాతుల ప్రాసెసర్లపైకి ప్రాకినది. మా సర్వరులోని ప్రాసెసరు ఈ స్పార్క్ జాతిదే. సన్ సంస్థ 1982లో పుట్టి, 1987లో స్పార్క్‌ను వెలువరించి, 2010లో ఒరాకిల్ సంస్థలో కలిసిపోయినది. ఒకప్పుడు విశ్వవిద్యాలయములలోను, టెలిఫోను కార్యాలయములలోను రాజ్యమేలిన ఈ యంత్రములు నేడు సామాన్యముగ కనబడవు.

లినక్సు ఒక్కటే యైనపుడు, ఏ యంత్రముపై స్థాపించిన నేమి? ఒకసారి కెర్నెల్ మేల్కొని పని ప్రారంభించిన పిదప నిజముగనే పెద్ద భేద మేమియు లేదు. అవే ఆజ్ఞలు, అవే ఫైళ్లు. భేదమంతయు గడప దగ్గరనే యున్నది. మీట నొక్కిన క్షణమునకును కెర్నెల్ కన్ను తెరచు క్షణమునకును నడుమ నుండు కొద్దిపాటి కాలమే ఈ కథకంతకును మూలము. ఆ కాలమున యంత్రమును ఏలునది దాని బోర్డుపైన ముద్రించిన చిన్న ప్రోగ్రాము. మన ఇండ్లలోని కంప్యూటర్లలో దానిని బయోస్ అనియో, యూఈఎఫ్ఐ అనియో పిలుతురు. సన్ యంత్రములలో దాని పేరు ఓపెన్ బూట్. అది ఫోర్త్ అను భాషలో వ్రాయబడినది. దాని యెదుట కూర్చున్నవాడు ఆ భాషలో దానితో సంభాషింపనూ వచ్చును. పని యేదియు లేనపుడు అది తెరపై "ఓకే" అని ఒక్క మాట వ్రాసి మన యాజ్ఞకై వేచియుండును. ఇంత మర్యాదగల ఫర్మువేరును నేను మరియొకదానిని చూడలేదు.

ఐతే తెరయనునది ఎచట? ఈ సర్వరునకు తెర లేదు, కీబోర్డు లేదు. వెనుకభాగమున టెలిఫోను తీగకు తగిలించునట్టి యొక రంధ్రమున్నది. అదియే సీరియల్ ద్వారము. దానికి తగిన తీగను ల్యాప్‌టాప్‌నకు కలిపి, సెకండునకు 9600 బిట్ల వేగమున మాటలాడవలెను. ఇరుప్రక్కల వేగము ఒక్కటే కానిచో వచ్చునవి అక్షరములు కావు, పిచ్చిగీతలు. రేడియో ముల్లు స్టేషనుకు కొంచెము ఇటో అటో యున్నపుడు వినబడు గురగురకు ఇది కన్నుల కగపడు రూపము. 9600 బిట్లనగా సెకండునకు 960 అక్షరములు. 80 నిలువులు, 24 వరుసలు గల తెర పూర్తిగా నిండుటకు రెండు సెకండ్లు పట్టును. మా మేనల్లుడు మొదటి దినముననే విసిగిపోయెను.

తీగ కలిపినంతనే పలుకునది ఓపెన్ బూట్ కూడ కాదు. దానికి ముందు అలోమ్ అను కావలివాడొకడున్నాడు. ప్రధాన యంత్రము నిద్రించుచున్నను గోడలోని విద్యుత్తు తగిలినంత మాత్రమున వీడు మేల్కొనియుండును. విద్యుత్తు ఇమ్మనుటకును, ఆపుమనుటకును, యంత్రపు వేడిని తెలిసికొనుటకును వీనినే యడుగవలెను. వీనికిని ఒక రహస్యపదముండవచ్చును. మాకు తెలియనిదే యైనను భయపడలేదు. ఒక నిమిషము వరకు ఎవ్వరును పేరు చెప్పక ఊరకున్నచో వీడు తానే తప్పుకొని, మనలను ప్రధాన యంత్రమునకు అప్పగించును. మేము గడియారము చూచుచు కూర్చుంటిమి.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఈ సర్వరు ముందు మూత వెనుక ఒక చిన్న కార్డు దూర్చబడి యుండును. యంత్రపు గుర్తింపు సంఖ్య, దాని నెట్‌వర్కు చిరునామా అందులో దాచబడి యుండును. అది లేనిచో యంత్రము లేవదు. ఇట్టి సర్వర్లను పాతసామాను అంగళ్లలో కొనువారు డిస్కులను, మెమొరీని లెక్కపెట్టుకొందురుగాని ఈ కార్డును చూడరు. తరువాత విచారించి లాభము లేదు. మా యదృష్టవశమున అది దుమ్ము పట్టి తన స్థానముననే యుండెను.

అన్నిటికంటె ముందు చేసిన పని పాత డిస్కులు రెండింటిని వెలుపలికి లాగి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుట. స్థాపనలో ఏ తప్పు జరిగినను అది పట్టికను తాకరాదు. ఒక పాత పీసీ సర్వరునుండి తీసిన స్కజీ డిస్కును మాత్రము లోపల పెట్టితిమి. డీవీడీ పెట్టె చెడిపోయి యున్నందున నెట్‌వర్కు ద్వారా స్థాపించుటయే శరణ్యమయ్యెను.

మీట నొక్కగా యంత్రము డిస్కును వెదకి, దొరకక, తానే నెట్‌వర్కు వైపు తిరిగి, బదులు రాలేదని పదే పదే వ్రాయసాగినది. అది అడుగు ప్రశ్న వింతయైనది: "నా కార్డు సంఖ్య ఇది, నా చిరునామా ఏమి?" తన పేరు తానెరుగని అతిథి వీధిలో నిలిచి కేకవేసినట్లుండును. ఆ కేకకు రార్ప్ అని పేరు. దానికి బదులు చెప్పు ప్రోగ్రామును నా ల్యాప్‌టాప్‌లో నడిపితిని. చిరునామా దొరికినంతనే అది అదే చిరునామాను పదునారు అంకెల లెక్కలోనికి మార్చి, ఆ పేరుగల ఫైలు నిమ్మని కోరును. 192.168.1.3 అను చిరునామా సి-0-ఎ-8-0-1-0-3 అగును. లినక్సు స్థాపక ఫైలును సరిగా ఈ పేరుతోనే సిద్ధము చేసి యుంచవలెను. ఒక్క అక్షరము తప్పినను యంత్రము దానిని ముట్టదు. ఈ మర్మము తెలియక మొదటి రెండు రాత్రులు వృథా అయినవి.

మేమెన్నుకొన్నది డెబియన్ వారు 2013లో వెలువరించిన ఏడవ సంచిక. క్రొత్తది ఏల కాదనగా, స్పార్క్‌ను డెబియన్ అధికారికముగ పోషించిన కడపటి సంచిక అదియే. 2015 నాటి ఎనిమిదవ సంచికలో స్పార్క్ లేదు. ఆ తరువాత 64 బిట్ల స్పార్క్‌ను ఉత్సాహవంతులు వేరుగ, అనధికారముగ నిలుపుకొని వచ్చిరి. ఇట్టి యంత్రముల గతి యంతయు ఇంతే. ఇంటెల్ వారి ఇటేనియమ్ జాతి మాట చూడుడు: 2024 జనవరిలో వెలువడిన 6.7 కెర్నెల్ దానిని పూర్తిగా తొలగించినది. కోడు పాడైనందున కాదు, దానిని చక్కదిద్దుచు కూర్చుండువారు కరవైనందున. కావున అరుదైన యంత్రమునకు లినక్సు నెక్కింపదలచిన వారు మొదట చూడవలసినది ప్రాసెసరు వేగమును కాదు, ఆ జాతిని ఇంకను ఎవరు పోషించుచున్నారను విషయమును. పాత సంచికకు రక్షణ సవరణలు రావు గనుక మా యంత్రమును బయటి ప్రపంచమునకు కలుపలేదు; కావలసిన ప్యాకేజీలను ముందే ల్యాప్‌టాప్‌లోనికి దింపుకొంటిమి.

స్థాపన మొత్తము రెండు గంటలలో ముగిసినది. చివర బూట్ లోడరును వ్రాయునపుడు ఏదో గొణుగుడు తెరపై కనబడెను గాని, అలసి యున్నందున లక్ష్యపెట్టలేదు. తిరిగి మీట నొక్కగా ఓపెన్ బూట్, డిస్కు శీర్షికలోని మాయసంఖ్య చెడ్డదని ప్రకటించి మరల "ఓకే" అని నిలిచినది. "ఇంకేం ఓకే మామయ్యా, మొదటికే వచ్చింది!" అన్నాడు మేనల్లుడు.

తప్పు మాదే. ప్రతి డిస్కు మొదటి 512 బైట్లలో విభాగముల లెక్క వ్రాసియుండును. పీసీల పద్ధతి వేరు, సన్ పద్ధతి వేరు. మా డిస్కు పీసీనుండి వచ్చినది. దానిపై పాత పీసీ శీర్షికయే మిగిలియున్నది. లినక్సునకు రెండు లిపులును వచ్చును గనుక అది అభ్యంతరము చెప్పలేదు. ఓపెన్ బూట్‌కు తన లిపి ఒక్కటే తెలియును. శీర్షికను చెరిపి, సన్ పద్ధతిలో క్రొత్తది వ్రాసి, మూడవ విభాగమును డిస్కు మొత్తమునకు గుర్తుగా విడిచి, మొదటినుండి మరల స్థాపించితిమి. ఈ పద్ధతిలో మరియొక గోతి కలదు: డిస్కు ఆరంభముననే మొదలగు విభాగమును స్వాప్‌నకు ఇయ్యరాదని స్థాపన కరదీపిక చెప్పుచున్నది, ఏలయన స్వాప్ ఆ శీర్షికను తుడిచివేయవచ్చును. అచట ఎక్స్‌ట్ 2 వంటి ఫైలు వ్యవస్థ యున్నచో ఆ చోటును ముట్టక విడుచును. ఈసారి జాగ్రత్తపడితిమి. ఆరవనాటి రాత్రి లినక్సు తానుగ లేచి నిలిచినది.

మరునాడు పాత డిస్కును ప్రక్క అరలో పెట్టితిమి. సన్ వారి సొలారిస్ వ్యవస్థ వాడు ఫైలు పద్ధతిని లినక్సు చదువగలదు. చదువుటకు మాత్రమే తెరువుమని ఆజ్ఞాపించి తెరచితిమి. పట్టిక ఫైలు పదిలముగ నున్నది! దానిని ల్యాప్‌టాప్‌లోనికి తీసికొని, బీరువాలో దొరికిన నిర్మాణపత్రము ప్రకారము విప్పి చూడగా పేర్లు సరిగానే యున్నవిగాని, ప్రచురణ సంవత్సరములన్నియు పిచ్చివి. ఒక పుస్తకము 41223వ సంవత్సరమున అచ్చైనదట.

గ్రంథపాలకుని ముఖము చిన్నబోయినది. కాని ఇది నాశనము కాదు, వరుస తారుమారు. మన శాసనములలో సంవత్సరమును భూతసంఖ్యలతో చెప్పు ఆచారము మీకు తెలిసినదే. 1950ని చెప్పవలెనన్నచో ఖము, బాణములు, నిధులు, ఇందుడు అందురు. అనగా 0, 5, 9, 1. ఒకట్ల స్థానము ముందు, వేల స్థానము వెనుక. అంకెలలో వ్రాయునపుడు మాత్రము పెద్ద స్థానమే ముందు. ప్రాసెసర్లలోను ఈ రెండు సంప్రదాయములు కలవు. ఇంటెల్ జాతి చిన్న భాగమును ముందు దాచును, మన భూతసంఖ్యలవలె. స్పార్క్ పెద్ద భాగమును ముందు దాచును. 1953 అనగా ఏడు 256లును, ఒక 161యును. స్పార్క్ 7 ముందు, 161 వెనుక వ్రాసినది. నా ల్యాప్‌టాప్ 161ని పెద్ద స్థానముగ చదివినది: 161 ఇంటు 256, దానికి 7 కలుపగా 41223.

కొన్ని గడులలో రెండు బైట్ల సంఖ్యలు, కొన్నిట నాలుగు బైట్లవి, నడుమ అక్షరములు. అన్నిటిని చేతితో తిరుగవేయవచ్చునుగాని, వ్రాసిన చేతికే చదువుట సులభము. సన్ యంత్రముపైనున్న లినక్సులోనే ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసి నడిపితిమి. అది మొదటిసారి "బస్ ఎర్రర్" అని కూలినది. నాలుగు బైట్ల సంఖ్యను నాలుగుచే భాగింపబడని చోటునుండి ఎత్తబోయినందున అట్లైనది. ఇంటెల్ ప్రాసెసరు ఇట్టి అలసత్వమును సహించును, స్పార్క్ సహింపదు. పంక్తి నొకదానిని మార్చగా పని జరిగినది. పట్టిక యంతయు సామాన్య పాఠముగ మారి, రెండు పెన్ డ్రైవులలోనికి చేరినది.

తొమ్మిదవనాటి సాయంకాలము అచ్చుకాగితములను గ్రంథపాలకుని ముందుంచితిమి. ఆయన కండ్లజోడు సవరించుకొని 41223 ఉండిన చోటును వెదకినాడు. అచట 1953 అని యున్నది. ప్రక్కన ఆ పుస్తకమును ఇచ్చిన దాత పేరు. "ఇది రెండో బీరువాలో ఉండాలే" అని తాళపుచెవుల గుత్తి తీసికొని లోనికి వెళ్లినాడు.