తెగులునకు లొంగని ఎల్ము చెట్లు

నెమలినార చెట్టును మనలో చాలమంది ఎరిగియుందురు. గుండ్రని పలుచని రెక్క నడుమ గింజగల దాని కాయలు గాలికి ఎగిరిపోవుచుండును. ఐరోపా, ఉత్తర అమెరికా నగరములలో నీడకై నాటెడి ఎల్ము చెట్టు కూడ ఈ కుటుంబమునకే చెందినది. వీధికి రెండు ప్రక్కల నాటిన ఎల్ముల కొమ్మలు పైన కలిసికొని పందిరివలె ఏర్పడును. అందుచే అమెరికా పట్టణములలో వీధుల పొడవునా వీనినే వరుసగా నాటిరి.

ఈ వరుసలనే ఒక తెగులు నాశనము చేసినది. దీనికి కారణము ఒక శిలీంధ్రమని 1921లో హాలెండు దేశమున బీ ష్వార్ట్స్ అను శాస్త్రజ్ఞురాలు కనుగొనిరి. అందువలన దీనికి 'డచ్చి ఎల్ము తెగులు' అను పేరు వచ్చినది. అది అచట పుట్టినదని అర్థము కాదు. 1930లో ఇది అమెరికాలో కనిపించినది.

బెరడు క్రింద గ్రుడ్లు పెట్టు చిన్న పెంకుపురుగులు ఈ శిలీంధ్రపు సిద్ధబీజములను చెట్టు నుండి చెట్టునకు మోయును. ప్రక్కప్రక్కనున్న చెట్ల వేళ్ళు భూమిలో అతుకుకొనినచో వాని గుండ కూడ తెగులు ప్రాకును. శిలీంధ్రము నీటిని పైకి కొనిపోవు దారునాళములలో పెరుగును. దానిని అడ్డగించుటకై చెట్టు తన నాళములనే జిగురుతోను, బుడగలవంటి కణభాగములతోను మూసివేసికొనును. ఈ పని త్వరగా, కొద్ది నాళములలో జరిగినచో శత్రువు అక్కడనే బంధింపబడును. ఆలస్యమైనచో శిలీంధ్రము ముందునకు సాగుచుండ, మూసికొనిన నాళములు పెరిగిపోయి, ఆకులకు నీరందక చెట్టు వాడిపోవును. కనుక నిరోధక శక్తి యనగా తెగులు సోకకుండుట కాదు. సోకిన దానిని ఒకచోట కట్టివేయుట.

ఇట్టి శక్తిగల చెట్లను పొందుటకు మార్గములు రెండు. మొదటిది, తెగులును తట్టుకొనిన చెట్లను ఏరి, అంట్ల ద్వారా వృద్ధి చేయుట. 1995లో అమెరికాలో విడుదలయిన 'వాలీ ఫోర్జ్', 'న్యూ హార్మనీ' రకము లిట్టివి. 1922లో ఆకారపు సొగసుకై ఎన్నుకొనిన 'ప్రిన్స్‌టన్' రకమునకు కూడ ఈ శక్తి కలదని తరువాత తెలిసినది. రెండవ మార్గము సంకరణము. ఆసియా ఎల్ములలో పెక్కింటికి నిరోధక శక్తి హెచ్చు. మన కాశ్మీరు మొదలగు పశ్చిమ హిమాలయ ప్రాంతములలో పెరుగు ఎల్ము, డచ్చివారు 1973లో విడుదల చేసిన 'లోబెల్', 'డోడోయెన్స్' రకముల పూర్వీకులలో ఒకటి.

అయినను కథ ఇంతటితో ముగియలేదు. 1960లో హాలెండులో విడుదలయిన 'కామెలిన్' రకము నాటి శిలీంధ్రమునకు లొంగలేదు. కాని అంతకన్న తీవ్రమైన మరియొక శిలీంధ్రము వ్యాపించగా అదియు చనిపోజొచ్చినది. ఈ రెండవ శిలీంధ్రము వలననే 1960 దశాబ్దము చివరి నుండి ఒక్క బ్రిటనులోనే 2½ కోట్లకు పైగా ఎల్ములు నశించినవి. ఒకే చెట్టు నుండి తీసిన అంట్లన్నియు లక్షణములలో ఒక్కటే. ఒకటి ఓడినచో అన్నియు ఓడును. ముచ్చెలతో పెంచు చెరకులో ఎర్రకుళ్ళు తెగులు ఈ సంగతిని మన రైతులకు కూడ నేర్పినది.

కావున మేలిరకమును కనుగొనుటతో పని తీరదు. వీధి పొడవునా దానినొక్కదానినే నాటక, పలురకముల ఎల్ములను, ఇతర జాతుల చెట్లను కలిపి నాటవలెను. అట్లయినచో రేపు క్రొత్త తెగులు వచ్చినను వీధి యంతయు ఒక్కసారిగా నీడ కోల్పోదు.