టిన్‌టైప్: ఇనుప రేకుపై నిలిచిన ముఖం

ఒక మూలబింబం నుండి ఎన్ని ప్రతులనైనా తీయవచ్చుననేది ఛాయాచిత్రాన్ని గురించి మనకు అలవాటైన భావన. ఈ నియమానికి లొంగని ఛాయాచిత్రం ఒకటి ఉన్నది. దానికి నెగటివ్ లేదు; రెండవ ప్రతి లేదు. కెమెరాలో కాంతి సోకిన రేకే కొద్ది నిమిషాలలో చిత్రమై, ఎదుట కూర్చున్న వ్యక్తి చేతికి వస్తుంది. దీనినే టిన్‌టైప్ అంటారు. పేరులో తగరమున్నదే గాని వస్తువులో లేదు. అది నల్లని వార్నిషు పూసిన పలుచని ఇనుప రేకు మాత్రమే.

ఈ విధానానికి మూలమైన తడి కొలోడియన్ పద్ధతిని 1851లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించాడు. 1853లో ఫ్రాన్సులో అడాల్ఫ్ మార్టిన్ దానిని లోహపు రేకుపై ప్రయోగించే తీరును వివరించాడు. 1856లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కెన్యన్ కళాశాల ఆచార్యుడు హామిల్టన్ స్మిత్ దీనికి పేటెంటు పొందాడు. ఒక కళాశాలలో పుట్టిన ఈ విద్య కొద్ది ఏండ్లలోనే సంతలకు, సముద్ర తీరాలకు, సైనిక శిబిరాలకు చేరినది.

నేడు కూడా అమెరికాలో పూర్వకాలపు జీవితాన్ని ప్రదర్శించే చారిత్రక ఉత్సవాలలో ఈ పనిని కన్నులారా చూడవచ్చు. ఈథర్, ఆల్కహాలులలో కరిగించిన నైట్రో దూదికి అయొడైడు లవణాలను చేర్చిన జిగురు ద్రవమే కొలోడియన్. చిత్రకారుడు దానిని రేకుపై పోసి, నలువైపులకు సమంగా పారేటట్లు వంచుతాడు. పిదప గుడారంలోని చీకటిలో దానిని సిల్వర్ నైట్రేటు ద్రావణంలో సుమారు మూడు నిమిషాలు ముంచుతాడు. అప్పుడు రేకుకు కాంతిని గ్రహించే శక్తి కలుగుతుంది. ఆ తడి ఆరకముందే చిత్రం తీయాలి, వికసింపజేయాలి. అందుచేత చీకటి గది కెమెరా ప్రక్కనే ఉండవలసినదే.

కూర్చున్నవారు కొన్ని సెకండ్లపాటు కదలరాదు. తల కదలకుండా వెనుక ఒక ఇనుప ఆనిక ఉంచుతారు. పాత చిత్రాలలో చిరునవ్వు అరుదుగా కనబడటానికి ఈ నిశ్చలత కూడా ఒక కారణం. తరువాత రేకుపై ఫెర్రస్ సల్ఫేటు, అనగా మన అన్నభేది ద్రావణం పోస్తారు. చివరకు హైపోలోగాని, విషమైన పొటాషియం సయనైడులోగాని ముంచగానే, మసకగా ఉన్న ఆకృతి తేటపడి ముఖమై తేలుతుంది. కాంతి సోకినచోట నిలిచిన వెండి రేణువులు నలుపుపై తెల్లగా తోస్తాయి. సోకనిచోట రేకు నలుపే నీడ అవుతుంది.

1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో సామాన్య సైనికులు ఇటువంటి చిత్రాలను ఇండ్లకు పంపుకున్నారు. రేకు పగలదు, ఉత్తరంలో ఇమిడిపోతుంది. ఇదే పద్ధతిలో గాజుపై తీసేదానికి ఆంబ్రోటైప్ అని పేరు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధంలో మరణించిన ఒక సైనికుని చేతిలో ముగ్గురు బిడ్డల ఆంబ్రోటైప్ మాత్రమే దొరికినది. అతని పేరు ఎవరికీ తెలియదు. ఆ కాలపు వార్తాపత్రికలు ఛాయాచిత్రాలను ముద్రింపజాలవు. కనుక బిడ్డల రూపాన్ని మాటలలో వర్ణించాయి. పెద్దవాని చొక్కా, చెల్లెలి గౌను ఒకే గుడ్డతో కుట్టినవని కూడా వ్రాశాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్‌లో ఒక తల్లి ఆ వర్ణన విని తన బిడ్డలను గుర్తించినది. ఆ సైనికుడు ఆమె భర్త ఏమస్ హ్యూమిస్టన్. ఒకే ఒక ప్రతి ఒక మనిషికి అతని పేరును తిరిగి ఇచ్చినది.

అయితే ఈ చిత్రం ఒక విషయంలో మనలను మోసగిస్తుంది. అద్దంలో వలె ఇందులో కుడి ఎడమలు తారుమారవుతాయి. 1880 ప్రాంతంలో తీసిన బిల్లీ ద కిడ్ అనే బందిపోటు టిన్‌టైపును చూచి, అతడు ఎడమచేతివాటం గలవాడని చాలాకాలం నమ్మారు. 1958లో ఆ భావంతోనే ఒక చలనచిత్రానికి పేరు కూడా పెట్టారు. కాని ఆ చిత్రంలోని వించెస్టర్ తుపాకికి గుండ్లు నింపే ద్వారం ఎడమవైపున కనబడుతున్నది. నిజమైన తుపాకికి అది కుడివైపున ఉంటుంది. తుపాకి పలికిన సాక్ష్యంతో అపోహ తొలగిపోయినది. ఆ చిన్న రేకు 2011లో వేలంలో 23 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది.

ఉర్దూలో 'అక్స్' అంటే ప్రతిబింబం. ఛాయాచిత్రాన్ని 'అక్సీ తస్వీర్' అంటారు. అదే మాట నుండి వచ్చిన 'బరక్స్' అనే పదానికి 'విరుద్ధంగా' అని అర్థం. ప్రతిబింబమూ, వైపరీత్యమూ ఒకే మాటలో ఒదిగి ఉన్నవి. టిన్‌టైపు స్వభావమంతా ఇదే. అది అబద్ధమాడదు, కాని తాను ఏ తీరున తయారైనదో తెలిసినవారికే నిజం చెబుతుంది. చరిత్రను చదివే విద్యార్థి ఏ సాక్ష్యాన్నైనా చేతికి తీసుకున్నప్పుడు మొదట తెలుసుకొనవలసినది ఆ తయారీ రీతినే.