శీతల గిడ్డంగులలో అమ్మోనియా భద్రత

రావల్కోల్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల కూరగాయల రైతులకు శీతల నిల్వ ప్రయోజనాలను వివరించే మనము, ఆ చలువను కల్పించే అమ్మోనియాను గూర్చి అరుదుగా ప్రస్తావిస్తాము. 2020 ఆగస్టు 20న చిత్తూరు జిల్లా బండపల్లి సమీపాన ఒక పాల డెయిరీలో ఈ వాయువు వెలువడి పలువురు మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు.

అమ్మోనియా సుమారు −33 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతూ అధిక ఉష్ణాన్ని గ్రహిస్తుంది. ఓజోన్ పొరకు హాని చేయదు. అయితే గాలిలో 300 పీపీఎం చేరితే ప్రాణాపాయకరము. ఇది గాలికంటె తేలికైనదే. కాని ద్రవరూపంలో కారినపుడు తేమతో కలిసి చల్లని పొగమంచువలె నేలబారున వ్యాపించగలదు. అట్టి సమయాన గాలివాలున పరుగెత్తరాదు. గాలికి అడ్డంగా తొలగిపోవాలి. చిందిన ద్రవంపై నీరు పోస్తే ఆవిరి మరింత పెరుగుతుంది. నీటి తుంపరను ఆవిరిపైకి మాత్రమే ప్రయోగించాలి.

ఈ వ్యవస్థలో రాగి, ఇత్తడి అమరికలు పనికిరావు. నూనె తీయుచోట తానుగా మూసుకొనే వాల్వు, యంత్రగదికి రెండు ద్వారాలు, వాయువును పసిగట్టే సాధనము, గాలిదిశను చూపే గుడ్డగొట్టము అవసరము.

గిడ్డంగిని సందర్శించే విద్యార్థులు ఉష్ణోగ్రత, తేమలతోపాటు వీటినీ తమ పరిశీలన పుస్తకంలో నమోదు చేయాలి. లోపమున్నచో యజమానికి ఆనాడే తెలియజేయుట విస్తరణ బాధ్యతలో భాగమే.