నడివయసు తల్లులకు యోగసాధన

ఆలయంలో ప్రవచనం ముగిసిన తరువాత నడివయసు స్త్రీలు కొందరు ఆగి, మెల్లగా ఒక మాట అడుగుతుంటారు. "పంతులుగారూ, పూజలో కూర్చున్నా మనసు నిలవడం లేదండీ. రాత్రి నిద్ర పట్టదు. కారణం లేకుండానే కన్నీళ్లు వస్తాయి. నా భక్తిలో లోపమేమైనా ఉందా?" ఈ ప్రశ్నకు శాస్త్రం చెప్పే సమాధానమేమిటో ఇక్కడ వివరిస్తాను.

పతంజలి మహర్షి యోగసూత్రాలలో మొదటిదైన సమాధిపాదంలో, చిత్తాన్ని చెదరగొట్టే అంతరాయాలు తొమ్మిదింటిని పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది వ్యాధి. దేహం స్వస్థంగా లేనప్పుడు మనస్సు నిలవడం కష్టమని మహర్షే అంగీకరించారన్నమాట. ఆ అంతరాయాల వెంట వచ్చే లక్షణాలలో దౌర్మనస్యాన్ని, అనగా మనస్సు క్రుంగిపోవడాన్ని, అవయవాల వణుకుతోను, శ్వాస గతి తప్పడంతోను ఒకే వరుసలో చేర్చారు. దేహం, ఊపిరి, మనస్సు ఒకదానితో ఒకటి ముడిపడినవని దీని తాత్పర్యం. ఆ సందర్భంలో ఆయన దీనిని పాపమనలేదు, భక్తిలోపమనలేదు. అంతరాయమన్నారు. అంటే దారిలో అడ్డు, అంతే.

సాధారణంగా 45 నుంచి 55 ఏళ్ల మధ్య స్త్రీలకు ఋతుక్రమం ఆగిపోతుంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజెన్ అనే హార్మోను హెచ్చుతగ్గులకు లోనవుతుందని వైద్యులు చెబుతారు. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, చిరాకు, దిగులు అందువలన కలుగవచ్చు. తరచుగా అదే కాలంలో పిల్లలు చదువులకో ఉద్యోగాలకో దూరమవుతారు. ఇంటి పెద్దల సేవ మీద పడుతుంది.

ఇరవై ఏళ్ల క్రితం నా సహధర్మచారిణికి ఈ దశ వచ్చినప్పుడు, పారాయణ పెంచమని మాత్రమే చెప్పాను. ఆమె పెంచింది. నిద్ర రాలేదు సరికదా, తన జపం ఫలించడం లేదన్న బెంగ కొత్తగా తోడైంది. యోగసూత్రాలు పాఠం చెప్పిన నేను, అందులోని 'వ్యాధి' అనే తొలి మాటను నా ఇంట్లోనే మరచిపోయాను. ఆలస్యంగానైనా వైద్యురాలికి చూపించి, ఆ తరువాత ఇద్దరం కలిసి ప్రాణాయామం ఆరంభించాము.

ఆసనానికి మహర్షి చెప్పిన లక్షణాలు రెండే: స్థిరత్వం, సుఖం. కనుక మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలోనే వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవచ్చు. నాలుగు అంకెలు లెక్కించేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కించేంతసేపు మెల్లగా విడవాలి. ఊపిరి విడిచేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది. అందుచేత రేచకం దీర్ఘమైతే దేహం విశ్రాంతివైపు మొగ్గుతుంది. తరువాత తుమ్మెద నాదంవలె పలికే భ్రామరి ఐదారు సార్లు, చివర కొద్దిసేపు శవాసనం. రోజుకు 15 నిమిషాలు చాలు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టే కుంభకం చేయరాదు. ఎముకలు పెళుసుబారినవారు వైద్యుల సలహా లేనిదే బాగా ముందుకు వంగే ఆసనాల జోలికి పోరాదు.

ఈ సాధన ఔషధానికి తోడే కాని, దానికి బదులు కాదు. వాడుతున్న మందులు సొంతంగా మానవద్దు. దిగులు రెండు వారాలకు మించి విడవకపోతే వైద్యులను చూడాలి. బ్రతుకు మీద ఆశ సన్నగిలితే ఒక్క రోజైనా ఆలస్యం చేయరాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరులో ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటిలోని పురుషులకు, పిల్లలకు నా విన్నపం ఒకటి. ఆ 15 నిమిషాలు ఆమెను ఏ పనికీ పిలవకండి. వీలైతే పక్కన కూర్చుని మీరూ చేయండి.

ఇక నన్ను అడిగిన తల్లులకు నా సమాధానం: మీ భక్తిలో లోపం లేదమ్మా. దారిలో అడ్డు వచ్చింది. దానిని తొలగించుకోవడం కూడా సాధనలో భాగమే.