స్వరపరీక్ష - మైకు ముందు గొంతు

భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే దారిలో, పాల్వంచ దాటిన తరువాత కొత్తగూడెం ఉన్నది. అక్కడ ఆకాశవాణి కేంద్రం 1989లో ఆరంభమైనది. ఈ అడవి అంచున పాడగల పిల్లలకు కొదవ లేదు. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఈ సీమలోనిదే కనుక ఆయన కీర్తనలు వింటూనే పెరుగుతారు. కోయగూడేలలో డోలి వాయిస్తూ వేల్పుల కథలు పాడే విద్య తరతరాలుగా ఉన్నది. ఆ విద్యకే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. అయినా ఊరంతా మెచ్చిన గొంతు రేడియో స్వరపరీక్షలో నెగ్గకపోవడం కద్దు. లోపం గొంతులోనే ఉండనక్కరలేదు.

ఆకాశవాణిలో స్వరపరీక్ష పద్ధతి 1952లో, బి. వి. కేస్కర్ మంత్రిగా ఉన్న కాలంలో ఏర్పడినది. నిర్ణేతలు గాయకుని ముఖం చూడరు. స్పీకరులో వచ్చే నాదమే వారికి ఆధారం. చేతి విసురు, ముఖంలోని భక్తిభావం, సభలోని చప్పట్లు, ఇవేవీ తీగ గుండా పోవు. తీగ గుండా పోయేవాటిలో మొదటిది శ్రుతి.

శ్రుతి తప్పినట్లు చెవికి ఎట్లా తెలుస్తుంది? తంబురా షడ్జం సెకనుకు 196 కంపనాలు చేస్తున్నదనుకొందాం. గాయని అదే షడ్జాన్ని 199 కంపనాలతో పలికితే, రెండు నాదాలు కలిసి సెకనుకు 3 సార్లు హెచ్చి తగ్గుతాయి. వీటినే విస్పందనాలు అంటారు. సంగీతం రానివారికి కూడా ఇది ఏదో గరగరగా వినిపిస్తుంది. రెండూ ఒకటయ్యేసరికి ఆ ఊగిసలాట ఆగిపోతుంది. రోజూ పది నిమిషాలు తంబురాతో షడ్జం పట్టి, ఊగిసలాట ఎక్కడ ఆగుతున్నదో వినడం కొత్త కీర్తన నేర్చుకోవడం కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

అయితే ఇంట్లో కుదిరిన శ్రుతి స్టూడియోలో ఎందుకు చెదరుతుంది? ఇందులో భౌతికశాస్త్రం ఉన్నది. గుడి మండపంలో రాతి గోడలు నాదాన్ని తిరిగి ఇస్తాయి. స్టూడియో గోడలు దాన్ని చాలావరకు పీల్చుకొంటాయి. తన గొంతు తనకే పలుచగా వినిపించి, గాయకుడు తెలియకుండానే బిగ్గరగా పాడతాడు. అప్పుడు ఊపిరితిత్తులనుంచి వచ్చే గాలి ఒత్తిడి పెరిగి, స్వరతంత్రులు మరింత వేగంగా కంపిస్తాయి. స్వరం పైకి జరుగుతుంది. డోలి మోతను మించి ఆరుబయట పాడే అలవాటున్నవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. అంతమాత్రాన ఆ పాటను కచేరీ బాణీలోకి మార్చనక్కరలేదు. జానపద సంగీతానికి పరీక్ష వేరే ఉన్నది. అక్కడ కోయపాట కోయపాటగానే వినిపించడం మంచిది.

మరొక పొరపాటు అరువు శ్రుతి. అయిదు శ్రుతిలో, అనగా 196 కంపనాల షడ్జంతో, హాయిగా పాడే బాలిక ఎవరి రికార్డునో అనుకరించి ఆరు శ్రుతికి, అనగా 220కి, పోయినదనుకొందాం. తారస్థాయి పంచమం షడ్జానికి మూడు రెట్లు. కనుక 588 దగ్గర అందే స్వరం కోసం ఇప్పుడు 660కి ఎక్కవలె. షడ్జం దగ్గర తేడా కొద్దిగానే తోస్తుంది. పైకి పోయిన తరువాత గొంతు బిగుసుకొంటుంది. మందరంలోని అడుగు స్వరమూ తారంలోని పై స్వరమూ రెండూ శ్రమలేకుండా పలికే శ్రుతి ఏదో, అదే ఆ గొంతుకు శ్రుతి.

మైకు సంగతి సులభమే. ఆరుబయట దూరం రెట్టింపైతే నాద తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. మైకు ముందు కూడా ఇంచుమించు అంతే. కాబట్టి తల ఊపుతూ పాడితే మాట వచ్చి పోతూ ఉంటుంది. జానెడు దూరం నిలుపుకొని, పై స్వరాలకు కొంచెం వెనుకకు జరగవలె. ప, బ, భ వంటి అక్షరాలతో నోటినుంచి గాలి తటాలున వెలువడి మైకులో 'టప్పు'మంటుంది. భద్రాద్రి పేరే 'భ'తో మొదలాయె! ముఖం కాస్త పక్కకు తిప్పితే సరి. అభ్యాసం చేయించే ఉపాధ్యాయుడు విద్యార్థికి వీపు తిప్పి కూర్చొని వినవచ్చును. లేదా సెల్‌ఫోనులో రికార్డు చేసి మరునాడు వినిపించవచ్చును.

మగపిల్లల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సుమారు 12 నుంచి 16 ఏండ్ల మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ నెలలలో స్వరం విరిగిపోవడం రోగం కాదు, సోమరితనమూ కాదు. పాత శ్రుతిలోనే పాడుమని ఒత్తిడి చేయకుండా, హాయిగా పలికే నాలుగైదు స్వరాలలో మెల్లగా పాడించి, గొంతు కుదుటపడిన తరువాతనే పరీక్షకు దరఖాస్తు పెట్టించవలె.