పెరటిలో రుద్రజడ

తులసికోట లేని యిల్లు మన పల్లెలలో అరుదు. దాని తోబుట్టువు వంటి రుద్రజడ కట్టి ఆదరము లేదు. దీనినే భూతులసి యనియు, విభూతిపత్రి యనియు పిలుతురు. వేసవిలో షర్బతునందు వేసికొను సబ్జాగింజలు దీని విత్తనములే. ఆ గింజలను అంగడిలో కొని తెచ్చుకొనుచు, ఆ మొక్కయే దొడ్డిలో మొలచినచో కలుపు అని పెఱికివైచు వారు కలరు.

గుర్తించుట కష్టము కాదు. కాడ నాలుగు పలకలుగా నుండును. ఆకులు జంటజంటలుగా ఎదురెదురుగా పుట్టును; తులసి ఆకుకంటె నునుపు. మన దేశమున పెరుగు రకములు పెక్కింటి ఆకును నలిపినచో సోపుగింజల వాసన వచ్చును.

విత్తుటకు ముందే ఆకు కావలెనా, గింజ కావలెనా యని నిశ్చయించుకొనవలెను. ఒకే మొక్కనుండి రెండును సమృద్ధిగా కోరరాదు. పూత పట్టినంతనే మొక్క సత్తువ గింజవైపు మరలును. కాడ గట్టిపడును, క్రొత్త ఆకు తగ్గును. గింజ పండిన పిదప మొక్క క్రమముగా ఎండిపోవును. కావున రెండు మూడు మొక్కలను గింజకు విడిచి, తక్కినవానిని ఆకునకు ఉంచుకొనుట నా మతము.

విత్తనము సన్నమైనది. పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మన్ను కప్పవలెను. వారము పది దినములలో మొలచును. నాలుగారు ఆకులు వచ్చిన పిదప అడుగేసి దూరమున నాటవలెను. ఎండ బాగుగా తగులు చోటు కావలెను, నీరు నిలువరాదు. చివికిన పశువుల ఎఱువు కొంచెము చాలును.

మొక్క జానెడెత్తు పెరిగినప్పుడు ఒక ఆకుజంటకు పైగా కొన త్రుంచినచో, ఆ కణుపునుండి రెండు కొమ్మలు వచ్చును. పూమొగ్గ కనబడినప్పుడెల్ల త్రుంచివేయుచుండవలెను. వాసనకు మూలమైన తైలము ఆకుమీది సన్నని తిత్తులలో నుండును. ఎండకు అది ఆవిరియైపోవును. అందుచేత ప్రొద్దున మంచు ఆఱినంతనే, ఎండ ముదురకముందే ఆకు కోయవలెను. క్రింద రెండు మూడు జతల ఆకులు విడువవలెను. కోసినది నీడనే ఆఱబెట్టవలెను. మండుటెండలో ఎండిన ఆకు గడ్డితో సమానము.

గింజ సంగతి వేఱు. తడి తగిలిన గింజ చుట్టును జిగురు పుట్టును గనుక, పండువేళ వాన కురిసినచో పంట చెడును. అందుచేత గింజకొఱకు విత్తువారు వానలు వెనుకబట్టిన పిదప విత్తుట మేలు. వెన్ను క్రిందిభాగము గోధుమవన్నెకు తిరిగినంతనే వెన్నుతో కోసి, గుడ్డపై నీడలో ఎండనిచ్చి, అరచేతులతో నలిపి, చేటతో చెఱగవలెను.

ఇది సకలరోగములను కుదుర్చునని నేను చెప్పను; నానిన గింజ వేసిన చల్లని షర్బతు వేసవిలో హాయి గొల్పును, అంతమట్టుకు నిజము. ఒక్క హెచ్చరిక మాత్రము ఇంటిలోని ఆడువారికిని తెలుపుడు. పొడిగింజలను పిల్లలకు గాని, మ్రింగుటకు ఇబ్బందిపడు వృద్ధులకు గాని ఎన్నడును పెట్టరాదు. అవి గొంతులో తడిసి ఉబ్బి అడ్డుపడవచ్చును. చెంచాడు గింజలను గ్లాసుడు నీళ్లలో పోసి, కలియబెట్టి, పావుగంటకు తక్కువ కాకుండ నాననిచ్చి, ప్రతి గింజ చుట్టును తెల్లని పొర ఏర్పడినదని చూచిన పిమ్మటనే వాడవలెను.